యాభై ఏళ్లు తెర మీదున్నా పేరు తెలియని నటుడు: లూయిస్ మహోనీ కెరీర్‌లోని చిక్కుముళ్లు

1975 సెప్టెంబరు చివర్లో బీబీసీలో 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ కొత్త కథ ఒకటి మొదలైంది. మనుషులెవరూ లేని ఏదో దూరపు గ్రహం మీద దిగిన అంతరిక్ష నౌకలో పోంటీ అనే అతను సిబ్బందిలో ఒకడు. కథ ముగిసే దాకా కూడా బతకడు. ఆ కథ నాలుగు వారాల్లో అయిపోయింది. ఆ వెంటనే, అక్టోబరు 24న, బీబీసీ రెండో చానల్లో 'ఫాల్టీ టవర్స్' అనే కామెడీ ఎపిసోడ్ వచ్చింది. బ్రిటిష్ టీవీ చరిత్రలో ఎక్కువగా చెప్పుకునే అరగంటల్లో అదొకటి. అందులో డాక్టర్ ఫిన్ అనే చిన్న పాత్ర ఉంది. పోంటీ, ఫిన్ రెండు వేషాలూ వేసినది ఒక్కరే, లూయిస్ మహోనీ.

ముప్పై రెండేళ్ల తర్వాత, 2007 జూన్‌లో, అదే 'డాక్టర్ హూ'లో 'బ్లింక్' అనే ఎపిసోడ్ వచ్చింది. మన దగ్గర ఆ సీరియల్ అలవాటు లేనివాళ్లు కూడా కేరీ మలిగన్ కోసమో, కన్ను ఆర్పితే కదిలే రాతి బొమ్మల కోసమో చూసిన ఎపిసోడ్ అది. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆమెతో నాలుగు మాటలు మాట్లాడే ముసలాయన ఉంటాడు చూడండి, ఆయన కూడా మహోనీయే. టామ్ హాంక్స్ 'కెప్టెన్ ఫిలిప్స్' చూసిన తెలుగువాళ్లు లక్షల్లో ఉంటారు. 2013లో వచ్చిన ఆ సినిమాలో ఓడ సిబ్బందిలోనూ ఆయన ఉన్నారు.

ఇన్నేళ్లు ఇన్ని చోట్ల కనిపించిన మనిషి పేరు ఎవరికీ ఎందుకు తెలియదు? దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, బ్రిటన్‌లో జాతి వివక్ష. రెండోది, సహాయ నటుల బతుకు ఎక్కడైనా అంతేగా అని. రెండూ అబద్ధం కాదు, కానీ ఏ ఒక్కటీ సరిపోదు. ఒక ఆఫ్రికన్ నటుడికి లండన్‌లో చిన్న వేషాలే ఎందుకు దక్కాయో అర్థం కావాలంటే వలస పాలన, టీవీ నడిచే పద్ధతి, నటుల యూనియన్ నియమాలు, కథలు రాసేవాళ్ల ఊహ, ఈ నాలుగూ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో చూడాలి. మహోనీ నా దృష్టిలో ముఖ్యమైన మనిషి కావడానికి కారణం ఆయన వేసిన వేషాలు మాత్రమే కాదు. ఆ ముడి ఎక్కడుందో కనిపెట్టి, దాన్ని విప్పడానికి యూనియన్ మీటింగుల్లో కూర్చున్నవాళ్లలో ఆయన ఒకరు.

ఆయన 1938లో గాంబియా రాజధానిలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరి పేరు బంజుల్, అప్పట్లో బాథర్స్ట్. నది వెంట సన్నగా పరుచుకున్న ఆ చిన్న దేశం 1965 ఫిబ్రవరి దాకా బ్రిటిష్ వలస. అంటే 1957లో మెడిసిన్ చదవడానికి ఆయన లండన్ వచ్చినప్పుడు వీసా గొడవ లేదు. చట్టం ప్రకారం వలస దేశాలవాళ్లు కూడా బ్రిటిష్ పౌరులే. 1962లో కామన్వెల్త్ వలసదారుల చట్టం వచ్చి ఆ తలుపు సగం మూసింది. ఆ యాభైల్లో ఆఫ్రికా నుంచి లండన్ వచ్చినవాళ్లలో చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కువ. లా, మెడిసిన్, ఇంజనీరింగ్ చదివి, తిరిగి వెళ్లి కొత్తగా స్వతంత్రం వచ్చే దేశంలో ఏదో ఒక కుర్చీలో కూర్చోవడం వాళ్ల ఇళ్లలో అందరూ అనుకున్న దారి. మహోనీ మెడిసిన్ మధ్యలో వదిలేసి సెంట్రల్ స్కూల్ ఆఫ్ స్పీచ్ అండ్ డ్రామాలో చేరారు. డాక్టరవుతాడని పంపిన కొడుకు నాటకాల బడిలో చేరాడంటే ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో తెలుగువాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన అడుగుపెట్టిన రంగానికి అప్పటికే ఆఫ్రికన్లను చూపించే అలవాటు ఒకటి స్థిరపడిపోయి ఉంది. 1935లో వచ్చిన 'శాండర్స్ ఆఫ్ ది రివర్' దానికి మూలం. నైజీరియాలో ఒక తెల్ల కమిషనర్ 'అల్లరి తెగల'ను ఎలా అదుపులో పెట్టాడన్నది కథ. లండన్ దగ్గరి షెపర్టన్ స్టూడియోలో ఆఫ్రికా పల్లె సెట్ వేసి, లండన్‌లో దొరికిన ఆఫ్రికన్లను ఎక్స్‌ట్రాలుగా నిలబెట్టారు. ఆ గుంపులో అప్పుడు లండన్‌లో ఉన్న జోమో కెన్యాటా కూడా ఉన్నారు, తర్వాత కెన్యాకు మొదటి అధ్యక్షుడైన మనిషి. హీరోగా వేసిన అమెరికన్ గాయకుడు పాల్ రాబ్సన్, పూర్తయిన సినిమా సామ్రాజ్యానికి భజన చేస్తోందని గ్రహించి దాన్ని కాదనుకున్నారు.

అదే సినిమాలో చిన్న వేషం వేసిన నైజీరియన్ ఓర్లాండో మార్టిన్స్ కెరీర్ మహోనీ తరానికి ముందు నమూనా. లాగోస్‌లో 1899లో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓడల్లో పనిచేసి, లండన్‌లో కుస్తీలు పట్టి, సర్కస్‌లో చేసి, నటుడైన మనిషి. ఆయనకు బాగా పేరు తెచ్చిన సినిమా 1949 నాటి 'ది హేస్టీ హార్ట్'. తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రేగన్ కూడా అందులో ఉన్నారు. మార్టిన్స్ పాత్ర పేరు బ్లోసమ్. యుద్ధ ఆస్పత్రిలో ఉన్న ఆఫ్రికన్ సైనికుడు, ఇంగ్లీషు రాదు. దశాబ్దాలుగా లండన్‌లో బతుకుతూ ఇంగ్లీషు నాటకాలు ఆడిన నటుడికి వచ్చిన పెద్ద అవకాశం అది. పదేళ్ల తర్వాత ఆయన లాగోస్ వెళ్లిపోయారు.

స్వాతంత్ర్యాలు వచ్చే కాలానికి కథలు కొంచెం మారాయి. కెన్యాలో మౌమౌ తిరుగుబాటు మీద 1955లో తీసిన 'సింబా'లో ఆఫ్రికన్ డాక్టర్ పాత్ర ఉంది, గౌరవంగానే రాశారు. దాన్ని వేసింది బెర్ముడా నుంచి వచ్చిన ఎర్ల్ కామెరాన్. మంచి నటుడు, ఆ పాత్రకి న్యాయం చేశారు. కానీ ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బ్రిటిష్ పరిశ్రమకి బెర్ముడా, గయానా, గాంబియా, కెన్యా అన్నీ ఒకటే. రంగు సరిపోతే చాలు, యాస ఎవరిదైనా ఫరవాలేదు. విశాఖ మనిషిని పంజాబీగానూ, పంజాబీని తమిళుడిగానూ చూపించేసి 'ఇండియన్' అంటే సరిపోతుందనుకోవడం లాంటిదే. దీంతో ఆఫ్రికా నుంచి వచ్చిన నటుడు రెండు వైపులా నష్టపోయాడు. ఆఫ్రికన్ పాత్రలు తక్కువ, ఉన్నవాటికీ కరీబియన్ నటులతో పోటీ. ఇళ్లల్లో, వీధుల్లో నడిచే నల్లజాతి పాత్రలకేమో మళ్లీ కరీబియన్ యాస కావాలి.

మహోనీ సినిమా కెరీర్ మొదట్లో వచ్చిన వేషాల్లో ఒకటి 1966లో హ్యామర్ సంస్థ విడుదల చేసిన 'ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్'. కార్న్‌వాల్‌లోని ఒక పల్లెలో జమీందారు హైతీలో నేర్చుకున్న మంత్రవిద్యతో శవాలను లేపి గనుల్లో పని చేయించుకుంటాడు. ఆ ఇంట్లో మహోనీ పనివాడు. తారాగణంలో ఆయన పేరు పక్కన ఉన్న పాత్రకు పేరు లేదు. 'రంగు మనిషి, నౌకరు' అన్న అర్థం వచ్చే రెండు మాటలున్నాయి, అంతే. డ్రామా స్కూల్లో షేక్స్‌పియర్ చదివి వచ్చిన మనిషికి ప్రొడక్షన్ ఆఫీసు రాసిచ్చిన పరిచయం ఇది. ఆ తర్వాతి ఏడాదే, 1967లో, ఆయన రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో చేరారు. ఆ కంపెనీలో చేరిన తొలి నల్లజాతి నటుల్లో ఆయన ఒకరు. రంగస్థలం ఒక మెట్టు ముందుండి, తెర వెనకబడటం ఆ దేశంలో చాలా కాలం నడిచింది.

ఇక్కడ టీవీ పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మహోనీ బతుకుతెరువు ఎక్కువగా అక్కడే. అరవైలు, డెబ్బైల్లో బ్రిటిష్ టీవీ అంటే పోలీసు సీరియళ్లు, ఆస్పత్రి సీరియళ్లు, గూఢచారి కథలు. ప్రతి దాంట్లో నలుగురైదుగురు శాశ్వత నటులు, వారానికో కథ, ఆ కథ కోసం వచ్చి వెళ్లే గెస్ట్ ఆర్టిస్టులు. శాశ్వత నటుడికి నెలనెలా పని, జనంలో గుర్తింపు. గెస్ట్‌కి కొన్ని రోజుల రిహార్సల్, ఒకటి రెండు రోజుల రికార్డింగ్, ఒక చెక్కు. మళ్లీ ఫోన్ మోగేదాకా ఎదురుచూపు. నల్లజాతి నటులు దాదాపు ఎప్పుడూ ఈ రెండో వరుసలోనే. ఎందుకంటే 'సమస్య' ఎపిసోడ్ ఉంటేనే వాళ్లు గుర్తొస్తారు. వలసదారుల మీద కథ, ఆఫ్రికా దేశంలో సైనిక తిరుగుబాటు మీద కథ, దౌత్యవేత్త కిడ్నాప్ కథ. సమస్య తీరగానే నటుడి పని కూడా తీరిపోతుంది. స్టేషన్లో కూర్చుని టీ తాగుతూ వారం వారం కనిపించే కానిస్టేబుల్ నల్లవాడై ఉండొచ్చని రచయితకి తట్టదు. ఎవరూ పగతో చేసింది కాదు. వాళ్ల కళ్లకి మామూలు మనిషి అంటే తెల్ల మనిషే, అంతవరకే.

సహాయ నటుడి పేరు ఎందుకు తెలియదన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే. పేరు అనేది పదే పదే కనిపిస్తే వచ్చేది. ఒకే పాత్రలో వంద వారాలు కనిపించినవాడికి వస్తుంది, వంద పాత్రల్లో ఒక్కోసారి కనిపించినవాడికి రాదు. మన సినిమాల్లో గుమ్మడి గారినో, అల్లు రామలింగయ్య గారినో జనం పేరుతో పిలిచారంటే ఏడాదికి అన్ని సినిమాల్లో, చెప్పుకోదగ్గ పాత్రల్లో కనిపించారు కాబట్టే. మహోనీకి ఆ వరుస ఎప్పుడూ దొరకలేదు.

ఇప్పుడు డాక్టర్ ఫిన్ దగ్గరికి వద్దాం. ఈ సన్నివేశాన్ని దగ్గర నుంచి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

కథలో హోటల్ యజమాని బేసిల్ ఫాల్టీకి తలకి దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరతాడు. తేరుకున్నాక ఎదురుగా నల్లజాతి డాక్టర్ కనిపిస్తాడు. బేసిల్ ఉలిక్కిపడతాడు. ఉన్నది ఒక్క క్షణం. ఆ క్షణంలో మహోనీ ముఖం చూడండి. కోపం లేదు, నొచ్చుకున్నట్టు లేదు, నవ్వించే ప్రయత్నం అసలే లేదు. ఇలాంటి పేషెంట్లను రోజూ చూస్తానన్నట్టు తన పని తాను చేసుకుపోతాడు. బేసిల్‌గా వేసిన జాన్ క్లీజ్ లాంటి నటుడు ఎదుట అంతెత్తున ఎగిరిపడుతున్నప్పుడు కదలకుండా నిలబడటం తేలికైన పని కాదు, పైగా స్టూడియోలో ప్రేక్షకులు కూర్చుని నవ్వుతుంటే. ఆ నిలకడ వల్లే నవ్వు ఎవరి మీదికి వెళ్లాలో వాళ్ల మీదికే వెళ్లింది. డాక్టర్ కాస్త తడబడినా ఆ నవ్వు ఆయన రంగు మీదికి మళ్లేది. సహాయ నటుడి పనితనం అంటే ఇది. డైలాగుల లెక్కలో కనిపించదు.

మెడిసిన్ వదిలేసిన మనిషి తెర మీద డాక్టరయ్యారు. ఆ కాలానికి ఆ పాత్ర నిజం కూడా. ఫాల్టీకి షాక్ కావచ్చు గానీ 1975లో బ్రిటిష్ ఆస్పత్రిలో తెల్లవాడు కాని డాక్టర్ కనిపించడం వింతేమీ కాదు. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ, ఎన్‌హెచ్‌ఎస్, భారత ఉపఖండం నుంచి వచ్చిన డాక్టర్ల మీద ఆధారపడి నడిచింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివి అక్కడికి వెళ్లిన తెలుగు డాక్టర్లు మన కుటుంబాల్లోనే ఉన్నారు. విదేశీ డాక్టర్లకి ప్రత్యేక పరీక్ష పెట్టడం మొదలైందీ 1975లోనే. తర్వాత దాన్నే మనవాళ్లు ప్లాబ్ అని పిలుస్తూ వచ్చారు. బేసిల్ ఉలికిపాటు లాంటివి వార్డుల్లో ఎదుర్కొన్నవాళ్లు వేలల్లో ఉంటారు. తెర మీద ఆ అనుభవానికి ముఖం ఇచ్చినది గాంబియా నటుడు.

ఇదే ఎపిసోడ్‌లో మనకి సూటిగా తగిలే ముక్క ఇంకొకటుంది. హోటల్లో ఉండే ముసలి మేజర్, ఓవల్ మైదానంలో ఇండియా మ్యాచ్ చూసిన ముచ్చట చెబుతూ భారతీయుల మీదా, వెస్టిండీస్ వాళ్ల మీదా నోటికొచ్చిన తిట్టు మాటలు వాడతాడు. 2013లో మళ్లీ ప్రసారం చేసినప్పుడు బీబీసీ ఆ మాటలు కత్తిరించింది. 2020 జూన్‌లో బీబీసీకి చెందిన యూకేటీవీ ఎపిసోడ్ మొత్తాన్నే తన స్ట్రీమింగ్ సర్వీసు నుంచి తీసేసి, గొడవ కాగానే హెచ్చరిక జోడించి తిరిగి పెట్టింది. మేజర్ పాత్రని వెక్కిరిస్తున్నాం గానీ సమర్థించడం లేదని క్లీజ్ గట్టిగా వాదించారు. ఆ వాదన నాకు చాలావరకు సరైనదే అనిపిస్తుంది. ఎపిసోడ్‌ని దాచేయడం వల్ల డాక్టర్ ఫిన్ కూడా కనిపించకుండా పోతాడు. అయితే నన్ను బాధపెట్టిన సంగతి వేరు. ఈ రభస నడిచిన ఆ నెలలోనే, 28వ తేదీన, మహోనీ 81వ ఏట కన్నుమూశారు. ఆ ఎపిసోడ్‌లో జాతి ప్రస్తావన మీద ఎంత చర్చ జరిగినా, అందులో నటించిన నల్లజాతి నటుడు, జాతి సమానత్వం కోసం జీవితమంతా పోరాడిన మనిషి, ఆ చర్చ మధ్యలోకి రాలేదు.

పోరాటం అన్నది పెద్ద మాటగా వాడలేదు. బ్రిటన్‌లో నటుల యూనియన్ పేరు ఈక్విటీ. చాలాకాలం పాటు ఆ యూనియన్ కార్డు లేకుండా సినిమా, టీవీ, పెద్ద థియేటర్లలో పని దొరికేది కాదు. కార్డు ఇవ్వాలంటే పని చేసినట్టు చూపించాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్నట్టు ఉండేది వ్యవహారం. తెల్ల కుర్రాడు ఏ ఊళ్లోనో చిన్న థియేటర్ కంపెనీలో ఏడాది పని చేసి కార్డు సంపాదించుకునేవాడు. ఊళ్లలోని ఆ కంపెనీలు నల్లజాతి నటుల్ని తీసుకోవడమే అరుదు. కాబట్టి కాగితం మీద అందరికీ ఒకేలా ఉన్న నియమం ఆచరణలో కొందరికే గోడ అయ్యింది. 1990లో చట్టం మారాక గానీ ఆ కార్డు పట్టు సడలలేదు.

మహోనీ ఆ యూనియన్ లోపలే పనిచేశారు. ఆఫ్రికన్, కరీబియన్, ఆసియా నటుల సమస్యల కోసం ఈక్విటీలో ఆఫ్రో-ఏషియన్ కమిటీ ఏర్పడటంలో ఆయనది ముఖ్య పాత్ర. తర్వాత కౌన్సిల్లో ఉన్నారు, 1994 నుంచి 1996 దాకా యూనియన్ ఉపాధ్యక్షుల్లో ఒకరు. ఆ కమిటీ పేరులో ఆఫ్రికా, ఆసియా కలిసి ఉండటం యాదృచ్ఛికం కాదు. భారతీయ నటులదీ అదే గతి. 1974 నుంచి 1981 దాకా బీబీసీలో నడిచిన ఒక కామెడీలో భారతీయ బేరర్ పాత్రని మైకేల్ బేట్స్ అనే తెల్ల నటుడు ముఖానికి రంగు పూసుకుని వేశారు. పుట్టింది ఝాన్సీలో, హిందీ బాగా వచ్చు, నిజమే. కానీ ఆ సమయంలో భారతీయ నటుడు సయీద్ జాఫ్రీ లండన్‌లోనే ఉన్నారు.

కమిటీ ఎదుర్కొన్నది ఎంత పాతుకుపోయిన అలవాటో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. ముఖానికి నల్ల రంగు పూసుకున్న తెల్ల మగవాళ్లు పాటలు పాడే 'బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో' బీబీసీలో 1958లో మొదలైంది. ఆపమని 1967లో అర్జీ ఇచ్చారు. ఆగింది 1978లో. మధ్యలో పదకొండేళ్లు.

దక్షిణాఫ్రికా విషయం వేరే రకం పరీక్ష. అక్కడ 1976లో టీవీ మొదలవగానే బ్రిటిష్ కార్యక్రమాలకి మంచి మార్కెట్ తయారైంది. వర్ణవివక్ష పాలన ఉన్నంత కాలం తమ సభ్యులు నటించిన కార్యక్రమాలు అక్కడికి అమ్మకూడదని ఈక్విటీ పట్టుబట్టింది. ఇందులో తెల్ల నటులకి సొంత నష్టం ఉంది, ఎందుకంటే అమ్మకం జరిగితే వచ్చే డబ్బు వాళ్లదే ఎక్కువ. యూనియన్లో దీని మీద ఏళ్ల తరబడి తగాదా నడిచింది. కళకి రాజకీయాలెందుకు అన్నవాళ్లు ఉన్నారు. ఆ నిషేధాన్ని నిలబెట్టడానికి పనిచేసినవాళ్ల వైపే మహోనీ ఉన్నారు.

అయితే యూనియన్ నియమం ఎప్పుడూ బలహీనుల పక్షమే ఉంటుందనుకుంటే పొరపాటు. బీబీసీ షేక్స్‌పియర్ నాటకాలన్నీ టీవీకి తీసినప్పుడు, నల్లజాతి సేనాని కథ అయిన 'ఒథెల్లో'కి అమెరికన్ నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ని తేవాలనుకున్నారు. బయటి దేశం నటుడికి ఒప్పుకోమని ఈక్విటీ అడ్డం తిరిగింది. స్థానిక నటుల పని కాపాడటం యూనియన్ ధర్మమే. కానీ చివరికి 1981లో ఒథెల్లోగా వచ్చింది ఆంథనీ హాప్కిన్స్, ముఖానికి రంగుతో. కాపాడిన ఉద్యోగం తెల్ల నటుడికి వెళ్లింది. బ్రిటన్‌లో ఆ పాత్ర వేయగల నల్లజాతి నటులు లేక కాదు, వాళ్లని అడగాలన్న ఆలోచన రాకపోవడం వల్ల. వర్ణం చూడకుండా పాత్రలివ్వాలని ఆఫ్రో-ఏషియన్ కమిటీ ఎందుకంత పట్టు పట్టిందో ఈ ఒక్క సంగతిలో తెలుస్తుంది. తలుపు దగ్గర కాపలా ఉంటే చాలదు, లోపల ఎవరికి కుర్చీ వేస్తున్నారో కూడా అడగాలి.

మహోనీ ఎంచుకున్న దారి ఒక్కటే దారి కాదు. గాంబియాలో పెరిగిన ఇంకో నటుడు జానీ సెక్కా కథ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1934లో డాకార్‌లో పుట్టిన సెక్కాకి హీరో కళ ఉంది. 1961లో 'ఫ్లేమ్ ఇన్ ది స్ట్రీట్స్'లో తెల్ల అమ్మాయిని ప్రేమించిన టీచర్‌గా వేశారు. అమ్మాయి తండ్రి ఫ్యాక్టరీలో నల్లజాతి కార్మికుడి కోసం నిలబడే యూనియన్ నాయకుడు. ఇంటికి వచ్చేసరికి ఆ నీతి నిలబడదు. ఆ కాలానికి ధైర్యమైన సినిమా, సెక్కాకి గౌరవమైన పాత్ర. ఇక్కడి నుంచి పైకి వెళ్లాలి కదా. ఐదేళ్లకి, 1966లో, 'ఖార్టూమ్' వచ్చింది. సూడాన్ తిరుగుబాటు నాయకుడు మహ్దీ పాత్ర లారెన్స్ ఒలివియర్‌ది, ముఖానికి గోధుమ రంగు పూసుకుని. అసలైన ఆఫ్రికన్ సెక్కాకి ఇచ్చింది బ్రిటిష్ జనరల్ గోర్డన్ నౌకరు ఖలీల్ పాత్ర. ఒకే సినిమాలో ఈ రెండూ ఉండగలిగిన పరిశ్రమలో ఎదగడానికి చోటెక్కడ?

సెక్కా 1976లో, ఇస్లాం తొలినాళ్ల కథ చెప్పే 'ది మెసేజ్' సినిమాలో, మొదటి అజాన్ ఇచ్చిన బిలాల్‌గా నటించారు. ప్రపంచమంతా ముస్లిం ఇళ్లలో ఆయన ముఖం గుర్తుండిపోయింది. కానీ ఆ సినిమా బ్రిటిష్ స్టూడియోల చలవ కాదు. చివరికి ఆయన అమెరికా వెళ్లిపోయారు, 2006లో కాలిఫోర్నియాలో చనిపోయారు. వెళ్లినందుకు ఆయన్ని తప్పుపట్టలేం. మహోనీ ఉండిపోయినందుకు గొప్పవాడనీ అనలేం. ఒకరు తన కెరీర్‌కి చోటు వెతుక్కున్నారు. ఇంకొకరు దొరికిన చిన్న వేషాలతో బతుకుతూ నియమాల మీద పనిచేశారు. వెళ్లిపోయినవాళ్ల వల్ల బ్రిటన్ ఏం పోగొట్టుకుందో తెలుస్తుంది, ఉన్నవాళ్ల వల్ల తర్వాతివాళ్లకి దారి దొరుకుతుంది. రెండో రకం పనికి అవార్డులుండవు.

మార్పు మొదట రచయితల వైపు నుంచి వచ్చింది. 1982లో చానల్ 4 మొదలవడం పెద్ద మలుపు. 1989లో అందులో వచ్చిన 'డెస్మండ్స్' అనే కామెడీ లండన్ పెకమ్‌లోని ఒక కరీబియన్ మంగలి షాపు కథ. సృష్టికర్త ట్రిక్స్ వొరెల్ కూడా కరీబియన్ మూలాలవాడే. షాపులో ఎప్పుడూ కూర్చుని ఉండే గాంబియా విద్యార్థి మాథ్యూ, ఎన్నేళ్లైనా చదువు పూర్తి కానివాడు, వేసింది ఘనా నటుడు గ్యేర్‌బుయోర్ అసాంటే. ఇక్కడ ఆఫ్రికన్‌కీ, కరీబియన్‌కీ మధ్య ఎత్తిపొడుపులే హాస్యం. అంటే వాళ్లిద్దరూ వేరని రచయితకి తెలుసు, ప్రేక్షకుడికీ తెలిసింది. మాథ్యూ సమస్య తీర్చుకుని వెళ్లిపోయే గెస్ట్ కాదు, 1994 దాకా ఆ షాపులోనే కూర్చున్నాడు.

వయసు మీద పడ్డాక మహోనీకి వచ్చిన పాత్రలు ముందటివాటికంటే నయం. 'బ్లింక్'లో బిల్లీ అనే హుషారైన కుర్ర పోలీసు ఒక్క దెబ్బకి 1969లోకి విసిరేయబడతాడు. జీవితమంతా అక్కడే గడిపి, అప్పుడే కలిసిన అమ్మాయికి ఒక కబురు చెప్పడానికి ముసలివాడై ఎదురుచూస్తాడు. కుర్ర బిల్లీ మైకేల్ ఒబియోరా, ముసలి బిల్లీ మహోనీ. ఆమెకి గడిచింది కొన్ని గంటలే, ఆయనకి నాలుగు దశాబ్దాలు. ఆ దూరాన్ని మహోనీ గొంతు పెంచకుండా, కన్నీళ్లు పెట్టకుండా, కొంటె నవ్వుతో మోశారు. ఆ పాత్రకి జాతితో పనే లేదు. 2012లో 'బీయింగ్ హ్యూమన్' సీరియల్ కొత్త సీజన్‌లో లియో అనే ముసలి తోడేలు మనిషి. యాభై ఏళ్లకి పైగా ఒక రక్తపిశాచిని రక్తం జోలికి పోకుండా కాపాడుకొచ్చిన స్నేహితుడు. ఆ సీజన్ రెండో ఎపిసోడ్‌కి ఆయువుపట్టు ఆ పాత్రే.

ఇవి చూస్తే పాతవాటి మీద కోపం ఇంకా పెరుగుతుంది. 1966లో పేరు లేని నౌకరుగా నిలబడిన మనిషిలో ఈ నటుడు అప్పటికే ఉన్నాడు. అడిగినవాళ్లు లేరు.

తర్వాతి తరం లెక్క మిశ్రమంగా ఉంది. ఘనాలో పుట్టిన హ్యూ క్వార్షీ 2001 నుంచి దాదాపు ఇరవై ఏళ్ల పాటు 'హోల్బీ సిటీ' అనే ఆస్పత్రి సీరియల్లో సర్జన్ రిక్ గ్రిఫిన్‌గా వారం వారం కనిపించారు. ఒక్క క్షణం ఉలిక్కిపడే పేషెంట్ కోసం వచ్చిపోయిన డాక్టర్ ఫిన్ నుంచి ఇది చాలా దూరం. 2015లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ 'ఒథెల్లో'లో అదే క్వార్షీ ఒథెల్లో అయితే, టాంజానియా మూలాలున్న లూసియన్ మ్సమాటి ఒథెల్లోని మోసం చేసే ఇయాగోగా వేశారు. ఆ కంపెనీలో నల్లజాతి నటుడు ఇయాగో వేయడం అదే మొదటిసారి. కానీ మరుసటి జనవరిలోనే నటుడు ఇద్రిస్ ఎల్బా బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల ముందు నిలబడి, ఇక్కడ తనకి దొరికే పాత్రలకి ఒక హద్దు తగిలిందని, అందుకే అమెరికా వెళ్లాల్సి వచ్చిందని చెప్పారు. ఎల్బా తల్లి ఘనా, తండ్రి సియెర్రా లియోన్, పుట్టింది లండన్‌లోనే. సెక్కా ఎక్కిన విమానమే అదీ. ఆ సమస్య మీద ఎల్బా మాట్లాడిన రోజుకి, మహోనీ తరంవాళ్లు దాన్ని యూనియన్ ఎజెండాలోకి ఎక్కించి దాదాపు నలభై ఏళ్లు అయ్యింది.